అవయవ, కణజాల దానము – దాతృకుటుంబములు

ఒక మనుష్యుని దేహమునందలి అవయవమునుగాని కణజాలమునుగాని, దాని లోపముచే బాధపడుచున్న వేరొక మనుష్యుని దేహమున నాటుటకై, ప్రతిఫలము కోరక ఇచ్చుటకు అవయవదానమని పేరు. మూత్రపిండములు, కాలేయము, హృదయము, ఊపిరితిత్తులు, క్లోమము, చిన్నప్రేవులు అవయవములు; కంటి ముందుభాగమున గాజుబిళ్ళవలె నుండు కార్నియా, చర్మము, ఎముక, గుండె కవాటములు కణజాలములు. ఈ రెంటికిని గల ముఖ్యభేదము కాలమునకు సంబంధించినది. రక్తప్రసారము నిలిచిన కొలది నిమిషములలోనే అవయవము చెడిపోవ నారంభించును. కావున మెదడు మరణించియు, యంత్రసహాయమున గుండె ఇంకను కొట్టుకొనుచున్న అరుదైన స్థితిలోనే మన దేశమున సామాన్యముగా దానిని మృతదేహమునుండి గ్రహించుచున్నారు. కార్నియానైతే గుండె ఆగిన పిమ్మట ఆరు గంటలలోపుగా, ఇంటివద్ద మంచముపై కన్నుమూసిన వృద్ధుల నుండి సైతము సేకరింపవచ్చును. అందుచేత నేత్రదానము ఇంచుమించు ప్రతి యింటికిని అందుబాటులో నున్న దానము కాగా, హృదయదానము మరణించువారిలో బహుకొద్దిమందికి మాత్రమే తటస్థించు దానమైనది.

బ్రతికియుండగనే చేయు దానము ముఖ్యముగా రెండు మూత్రపిండములలో నొకదానికిని, కాలేయములో నొక భాగమునకును పరిమితము. భారతదేశమున జరుగుచున్న అవయవమార్పిడులలో నేటికిని అధికభాగము ఇట్టివే. తల్లిదండ్రులు, బిడ్డలు, తోబుట్టువులు, భార్యాభర్తలు, అవయవమార్పిడి చట్టమునకు 2011లో జరిగిన సవరణ తరువాత తాతలు, అవ్వలు, మనుమలు, మనుమరాండ్రును చట్టరీత్యా సమీపబంధువులు. ఇతరులు ఇయ్యదలచినచో అధికారసంఘము విచారించి అనుమతింపవలెను. బిడ్డకు తల్లియు, భర్తకు భార్యయు ఇచ్చుట మనకు సర్వసామాన్యము. భార్యకు భర్త ఇచ్చుట అంత సామాన్యము కాదు. జీవద్దాతలలో స్త్రీలే యెక్కువయని లెక్కలు చెప్పుచున్నవి. ఇందు త్యాగమెంత, కాదనరాని యొత్తిడి యెంత యని తేల్చుట ఏ సంఘమునకును సులభము కాదు.

ఈ వ్యాసమునకు ప్రధానవిషయము మరణానంతరదానము. దీనియందొక వింత గలదు. ఎవరిని దాత యని పిలుచుచున్నామో ఆతడు మాటాడడు. మాటాడువారు ఆతని భార్య, తండ్రి, అన్న, కొన్నియెడల పదునెనిమిదేండ్లు నిండిన కొడుకు. కావున దానమను క్రియకు కర్త కుటుంబమే యనుట అతిశయోక్తి కాదు.

పురాణస్మృతి

దేహదానమును గూర్చి ప్రసంగించునపుడు మనవారు శిబిని, దధీచిని, శ్రీకాళహస్తియందు లింగమునకు తన కన్నులర్పింపబూనిన కన్నప్పను స్మరించుట పరిపాటి. కాని వీరందరును స్వయముగా, తెలివితో, బ్రతికియుండి ఇచ్చినవారు. ఆస్పత్రి వరండాలో తెల్లవార్లు కూర్చున్న తండ్రి స్థితికి ఈ కథలలో సాటి వెదకినచో దొరకునది కన్నప్ప కాదు. దధీచి భార్య సువర్చ. దేవతలు దధీచి యెముకలను యాచించినప్పుడు ఆమె ఎదుట లేదు. తిరిగివచ్చి చూచునప్పటికి భర్త లేడు, దేహమును లేదు. వజ్రాయుధము సిద్ధమైనది, లోకము రక్షింపబడినది. ఆమె మాత్రము దేవతలను శపించినదని శివపురాణము చెప్పుచున్నది. దధీచి త్యాగమును పొగడు ఉపన్యాసములలో సువర్చ పేరు వినబడదు. అడుగక గైకొన్న దానము, అది ఎంత లోకహితమైనను, వెనుక మిగిలినవారి గుండెలో శాపమై నిలుచునని పురాణకర్త యెరుగును.

శస్త్రవిద్య యొక్క క్రమవికాసము

1905 డిసెంబరు 7వ తేదీన నేటి చెక్ దేశమునందలి ఓలొమోత్స్ పట్టణమున ఎడ్వర్డ్ జిర్మ్ అను నేత్రవైద్యుడు, ప్రమాదమువలన తీసివేయవలసివచ్చిన ఒక బాలుని కంటినుండి కార్నియాను గ్రహించి, సున్నముచే కన్నులు కాలిన యొక కూలివానికి అమర్చి చూపు రప్పించెను. మానవులలో సఫలమైన కార్నియా మార్పిడులలో ఇది మొదటిది. కార్నియాలో రక్తనాళములు లేకుండుటచే గ్రహీత దేహము దానిని పరాయిదిగా తిరస్కరించుట తక్కువ. తక్కిన అవయవముల విషయము అట్లు కాదు. అలెక్సిస్ కరెల్ రక్తనాళములను కుట్టు నేర్పును సాధించి 1912లో నోబెల్ బహుమానము పొందెను గాని, కుట్టిన అవయవము నిలుచుట లేదు. 1933లో సోవియట్ యుక్రెయిన్‌లో వోరొనాయ్ అను వైద్యుడు మృతదేహమునుండి గ్రహించిన మూత్రపిండమును అమర్చగా రోగి రెండు దినములకు మించి జీవింపలేదు. కారణము పీటర్ మెడావర్ పరిశోధనలవలన విశదమయ్యెను: దేహము తనదానిని, పరునిదానిని గుర్తించును, పరునిదానిపై దండెత్తును. 1954 డిసెంబరు 23న బోస్టన్ నగరమున జోసెఫ్ మర్రీ ఒకే పోలికగల కవలలలో ఒకని మూత్రపిండమును రెండవవానికి అమర్చి విజయము సాధించుటకు, వారి దేహములు ఒకదానినొకటి పరాయిగా నెంచకపోవుటయే హేతువు. కవలలు లేనివారికి దారి చూపినవి రోగనిరోధశక్తిని అణచు మందులు. నార్వే దేశపు మట్టినుండి సంగ్రహించిన ఒక బూజునందు లభించిన సైక్లోస్పోరిన్ 1980 తరువాత వాడుకలోనికి రాగా, అంతవరకు సాహసమనిపించుకొనిన శస్త్రచికిత్స నిత్యకృత్యమయ్యెను.

1967 డిసెంబరు 3న దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున క్రిస్టియాన్ బర్నార్డ్ చేసిన హృదయమార్పిడి జగద్విదితము. గ్రహీత లూయీ వాష్‌కాన్‌స్కీ పదునెనిమిది దినములు జీవించెను. ఆ హృదయము డెనీస్ డార్వల్ అను యువతిది. ఆమె తల్లితో కలిసి రోడ్డు దాటుచుండగా కారు గ్రుద్దెను. తల్లి అక్కడికక్కడే మరణించెను. ఒక్క దినమున భార్యను, కూతును పోగొట్టుకొన్న తండ్రి ఎడ్వర్డ్ డార్వల్ వద్దకు వైద్యులు వచ్చి అడుగగా, ఆయన కొలది నిమిషములు మౌనముగా యోచించి సమ్మతించెను. ఆమె మూత్రపిండమొకటి, వర్ణభేదము రాజ్యమేలుచున్న ఆ దేశమున శ్వేతజాతివాడు కాని పదేండ్ల బాలునికి చేరెను. ప్రపంచపత్రికలు వైద్యుని ఛాయాచిత్రమును, రోగి చిరునవ్వును అచ్చువేసినవి. ఆ తండ్రి కొలది నిమిషముల మౌనమునకు చరిత్రగ్రంథములలో ఒకటి రెండు పంక్తులకు మించి చోటు దొరకలేదు.

భారతదేశమున తొలిసారి సఫలముగా హృదయమార్పిడి జరిగినది 1994 ఆగస్టు 3న, ఢిల్లీ అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో. చేసిన శస్త్రవైద్యులు రాజమహేంద్రవరమున జన్మించిన పి. వేణుగోపాల్. అంతకు కొలది వారములకు ముందే మానవావయవముల మార్పిడి చట్టము ఆమోదము పొందియుండెను. ఆ హృదయమార్పిడి జరిగిన దినమును పురస్కరించుకొని 2023 నుండి ఆగస్టు 3వ తేదీని భారతీయ అవయవదాన దినముగా జరుపుచున్నారు.

మెదడు మరణము

గుండె ఆగుటయే చావని అనాదిగా మానవుని నమ్మకము. 1950 తరువాత శ్వాసయంత్రములు వాడుకలోనికి వచ్చుటతో ఈ నమ్మకమునకు చిక్కు వచ్చిపడెను. 1959లో ఫ్రెంచి వైద్యులు మొలారే, గూలోఁ అనువారు, మెదడు పూర్తిగా నశించియు యంత్రబలమున ఊపిరియాడుచున్న రోగుల స్థితిని వర్ణించిరి. 1968లో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు సంఘమొకటి ఈ స్థితిని మరణముగా గుర్తించుటకు లక్షణములు నిర్ణయించెను. అదే యేట జపాన్‌లోని సప్పొరోలో జరిగిన హృదయమార్పిడిని గూర్చి, దాత నిజముగా మరణించెనా యను సంశయము రేగి వైద్యునిపై హత్యాభియోగము వచ్చుటయు, దాని ఫలితముగా ఆ దేశమున మెదడు మరణమును గుర్తించు చట్టము 1997 వరకు రాకుండుటయు గమనింపదగినవి. నమ్మకము ఒకమారు చెదిరినచో మూడు దశాబ్దములకు గాని కూడుకొనదు.

మన దేశమున నిర్ధారణ మెదడుకాండమునకు సంబంధించినది. నలుగురు వైద్యులు పరీక్షింపవలెను: ఆస్పత్రి అధిపతి, ప్రభుత్వామోదము పొందిన జాబితానుండి ఎంపికైన వైద్యుడు, నాడీవైద్యుడు లేక నాడీశస్త్రవైద్యుడు, రోగికి చికిత్స చేయుచున్న వైద్యుడు. అవయవమును తీయువారుగాని, అమర్చువారుగాని ఇందు ఉండరాదు. కనుపాపలు వెలుగునకు స్పందించునా, కార్నియాను దూదితో తాకిన రెప్ప కదలునా, చెవిలో చన్నీరు పోసిన కన్నులు చలించునా, గొంతున గొట్టము కదిపిన దగ్గు వచ్చునా యని చూతురు. తుదకు యంత్రమునుండి విడదీసి, రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరిగినను స్వయముగా ఒక్క ఊపిరియైన తీయునా యని పరీక్షింతురు. ఇదంతయు కనీసము ఆరు గంటల వ్యవధితో రెండుమారులు జరుగవలెను.

ఇచ్చట భాషను గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. మన వార్తాపత్రికలు ఇట్టివానిని 'జీవన్మృతుడు' అని వ్రాయుచున్నవి. మాట శ్రావ్యముగానే యున్నది గాని తప్పుత్రోవ పట్టించునది. జీవన్మృతుడనగా బ్రతికియుండియు చచ్చినవానితో సమానుడు. మెదడు మరణించినవాడు అట్టివాడు కాడు, మృతుడే. ఊపిరి తిత్తులలోనిది కాదు, యంత్రములోనిది. ఆస్పత్రివారు 'బ్రెయిన్ డెడ్ అయ్యాడు' అనుటయు ఈ సందేహమును తీర్చుటలేదు. విన్న తల్లి, మెదడు పోయినను తక్కిన మనిషి యున్నాడు గదా యనుకొనును. చేయి పట్టుకొని చూచినచో వెచ్చగా నుండును. ఛాతీ ఎగసిపడుచుండును. 'చనిపోయినాడు' అను తెలుగుమాటను వైద్యుడు స్పష్టముగా, దయతో పలికి, ఆ వెచ్చదనమునకు కారణము విప్పి చెప్పినచో సగము కలత తీరును. కోమాలో నున్నవాడు కోలుకొనవచ్చును, ఇతడు కోలుకొనడు. ఈ రెంటిభేదము తెలియక ముందే దానము ప్రసక్తి తెచ్చుట వలననే పెక్కు కుటుంబములు ఆస్పత్రిని అనుమానించుచున్నవి.

చట్టము, సమ్మతి

1994 చట్టమునకు పూర్వము బొంబాయి, మద్రాసు నగరములు మూత్రపిండముల విక్రయమునకు పేరుమోసినవి. ఆ క్రయవిక్రయములను నిషేధించుట చట్టము యొక్క ప్రథమోద్దేశము. నేడు అట్టి నేరమునకు పదేండ్ల వరకు చెరయు, కోటి రూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చును. 2011 సవరణ కణజాలములను చట్టములోనికి తెచ్చినది. మార్పిడి జరుగు ఆస్పత్రులలో సమన్వయకర్త తప్పనిసరిగా నుండవలెననియు, అత్యవసర చికిత్సావిభాగమున దానమును గూర్చి కుటుంబమును అడుగుట ఆస్పత్రి విధియనియు శాసించినది. 2014 నియమములలోని 7వ నమూనాపత్రముపై ఎవరైనను జీవించియుండగా ప్రతిజ్ఞ వ్రాయవచ్చును. మరణానంతరము కుటుంబము సంతకముచేయునది 8వ పత్రము. మైనరు బిడ్డయైనచో తల్లిదండ్రులు సమ్మతింపవలెను. ప్రతిజ్ఞాపత్రమున్నను ఆచరణలో కుటుంబము మాటయే చెల్లుచున్నది. కావున పత్రమును నింపి బీరువాలో దాచుటకన్న, భోజనమువేళ ఇంటిల్లిపాదికి ఆ సంగతి చెప్పుట ముఖ్యము.

కొన్ని దేశములు వేరొక పద్ధతి ననుసరించినవి. నిరాకరణ తెలుపనివారెల్లరును సమ్మతించినట్లే భావించు చట్టము స్పెయిన్‌లో 1979 నుండియు, వేల్స్‌లో 2015 నుండియు, ఇంగ్లండులో 2020 నుండియు అమలులో నున్నది. స్పెయిన్ ఈ విషయమున ప్రపంచమునకు అగ్రగామి యగుటచే, చట్టమే దానికి కారణమని పెక్కురు తలచుచున్నారు. అది పొరపాటు. చట్టము వచ్చిన పదేండ్లకు, 1989లో ఆ దేశమున దాతల సంఖ్య పదిలక్షల జనాభాకు సుమారు 14 మాత్రమే. ఆ యేట రఫాయెల్ మాతెసాన్స్ నాయకత్వమున స్థాపితమైన జాతీయసంస్థ ప్రతి ఆస్పత్రిలోను శిక్షితుడైన వైద్యునే సమన్వయకర్తగా నియమించి, కుటుంబముతో మాటాడు విద్యను బోధించెను. నేడా సంఖ్య 50కి చేరువలో నున్నది. చట్టమెట్లున్నను ఒక్క కుటుంబమునైన అడుగక వారు దేహమును తాకరు. భారతదేశమున ఈ సంఖ్య ఒకటికైన చేరలేదు. 2013లో దేశమంతట 4,990 మార్పిడులు జరుగగా 2023లో 18,378 జరిగినవి. కాని ఆ యేడు మరణానంతరదాతలు 1,099 మంది మాత్రమే.

తెలుగునాట

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లోనే తనదైన అవయవమార్పిడి చట్టమును చేసికొనెను. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రి కేంద్రముగా జీవన్‌దాన్ పథకము 2013 నుండి మరణానంతరదానములను నడపనారంభించెను. రాష్ట్రవిభజనానంతరము ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేకముగా జీవన్‌దాన్ ఏర్పడెను. 2023లో దేశమునందలి దాతలలో 252 మంది తెలంగాణమునకు చెందినవారై ఆ రాష్ట్రమును అగ్రస్థానమున నిలిపిరి. అవయవములను వరుసక్రమమున, ఆస్పత్రుల పలుకుబడికి అతీతముగా పంచుట ఇట్టి సంస్థల ముఖ్యకర్తవ్యము. దక్షిణరాష్ట్రములను కలుపు ప్రాంతీయసంస్థ చెన్నైలో కలదు.

హృదయము దేహము వెలుపల నాలుగు మొదలు ఆరు గంటలు, కాలేయము సుమారు పన్నెండు గంటలు, మూత్రపిండములు ఒక దినము లేక కొంత అధికముగను నిలువగలవు. ఈ తొందరవలననే పోలీసులు రహదారులపై వాహనములను ఆపి గ్రీన్ ఛానెల్ కల్పించుచున్నారు. 2021 ఫిబ్రవరిలో ఒక రైతు హృదయమును ఎల్బీనగర్ ఆస్పత్రినుండి తెచ్చి, నాగోలు స్టేషనునుండి జూబ్లీహిల్స్ వరకు హైదరాబాదు మెట్రో రైలులో ఎచ్చటను ఆపక సుమారు అరగంటలో చేర్చిరి. 2025 జనవరిలో ఎల్బీనగర్‌నుండి లక్డీకాపూల్ వరకు గల 13 కిలోమీటర్లను 13 నిమిషములలో దాటించిరి.

అవసరమెంతయో తెలియగోరువారు శ్రీకాకుళం జిల్లా ఉద్దానమును చూడవలెను. కొబ్బరితోటలతో, జీడిమామిడి తోపులతో పచ్చగా నుండు ఈ సముద్రతీరప్రాంతమున, కవిటి, సోంపేట, పలాస పరిసరముల గ్రామములలో, హేతువు పూర్తిగా తేలని మూత్రపిండవ్యాధి కొన్ని దశాబ్దములుగా సేద్యగాండ్రను, కూలీలను బలిగొనుచున్నది. అచ్చట వారమునకు రెండు మూడుమారులు డయాలసిస్‌కు పోవుట కొన్ని యిండ్లలో పొలమునకు పోవుటవలె దినచర్యయైనది.

నేత్రదానమున తెలుగునాడు దేశమునకే మార్గదర్శి. గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదున నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థకు అనుబంధముగా 1989లో రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి వెలసెను. ఆ సంస్థలో జరిగిన కార్నియా మార్పిడులు 50,000 మించినవి. ఈ విజయమునకు మూలము యంత్రములు కావు. పెద్దాస్పత్రుల మార్చురీల చెంత శిక్షితులైన కౌన్సెలర్లు నిలిచి, మరణవార్త విన్న కుటుంబమును మొదట ఓదార్చి, తరువాతనే అడుగు పద్ధతిని ఆ సంస్థ అలవరచెను. ఒక కంటి కార్నియాను పొరలుగా విడదీసి ఇద్దరికి అమర్చు నేర్పు కూడ నేడు కలదు. 2021లో బెంగళూరున మరణించిన కన్నడనటుడు పునీత్ రాజ్‌కుమార్ కన్నులు నలుగురికి చూపునిచ్చుట ఇందుకు నిదర్శనము. కాలిన గాయములకు కప్పుటకై దానముగా వచ్చిన చర్మమును భద్రపరచు నిధి ఉస్మానియా ఆస్పత్రిలో కలదు. చర్మము తొడలనుండి, వీపునుండి పలుచని పొరగా మాత్రమే తీయుదురు గావున దేహము వికృతము కాదు.

దాతృకుటుంబమునకు తోడ్పాటు

'ఏడుగురికి పునర్జన్మ' అని మరునాటి పత్రికలో శీర్షిక వెలువడును. ఏడుగురి లెక్క సరియే. ఎనిమిదవ లెక్క, అనగా ఇంటికి తిరిగివెళ్ళినవారి సంగతి, ఆ శీర్షికలో నుండదు. మన రాష్ట్రములలో మెదడు మరణించువారిలో పెక్కురు రోడ్డుప్రమాదములకు గురియైన యువకులు. రెండుచక్రముల బండిపై పనికి పోయినవారు, ఇంటికి ఆధారమైనవారు. కావున తోడ్పాటు ఓదార్పుమాటలతో తీరునది కాదు.

అది అడుగుటకు ముందే మొదలు కావలెను. మరణవార్తను చికిత్స చేసిన వైద్యుడే చెప్పవలెను. దానమును గూర్చి మాటాడునది వేరొకరు, అనగా సమన్వయకర్త కావలెను. ఈ రెంటి నడుమ కుటుంబమునకు ఏడ్చుకొనుటకు వ్యవధి చిక్కవలెను. మాటాడుటకు తలుపుగల గది కావలెను. లిఫ్టు చెంత నిలువబెట్టి అడుగరాదు. మన కుటుంబములలో నిర్ణయము ఒక్కరిది కాదు. చట్టము దృష్టిలో భార్యదే సంతకమైనను, ఊరినుండి బయలుదేరిన మేనమామ వచ్చువరకు ఆమె మాటాడదు. కొన్నియెడల ఆమెను అడుగకయే పెద్దలు తలయూపుదురు. నేర్పరియైన సమన్వయకర్త ఇరువురి కొరకును వేచియుండును. అన్నము తినినారా యని మొదట అడుగుట చిన్నవిషయముగా తోచునేమో గాని, ముప్పదిగంటలుగా బెంచీపై కూర్చున్నవారికి అది చిన్నది కాదు.

అడుగబడు సందేహములు కొన్ని ఎల్లయెడల నొక్కటే. దేహమును చీల్చి పాడుచేయుదురా? చేయరు, శస్త్రచికిత్సలో వలెనే కుట్టి, శుభ్రపరచి అప్పగింతురు. కన్నులు తీసినచో వచ్చే జన్మమున గ్రుడ్డివాడై పుట్టునా? ఈ భయము మన గ్రామములలో నిజముగా నున్నది. దీనిని నవ్వి త్రోసివేయువానికి ఆ గదిలో పని లేదు. మతము ఒప్పుకొనునా? 1988లో ఇస్లాం ధర్మశాస్త్రపరిషత్తు జిద్దాలో షరతులతో అనుమతించెను. 2000లో పోపు రెండవ జాన్‌పాల్ అవయవదానమును ప్రేమకార్యముగా ప్రశంసించెను. హిందువులలో నిషేధవాక్యమెచ్చటను ప్రమాణముగా చూపబడుటలేదు. ఖర్చెవరిది? దానమునకై దేహమును కాపాడుటకు, అవయవములను తీయుటకు, తరలించుటకు అగు వ్యయమును దాతృకుటుంబముపై వేయరాదని 2014 నియమములు స్పష్టముగా చెప్పుచున్నవి. ఇది తెలియని కుటుంబములే అనేకము.

సమ్మతించిన తరువాతి గంటలు అతిదీర్ఘములు. ప్రమాదమరణమైనచో పోలీసుల పంచనామా, శవపరీక్షయు తప్పవు. చీకటిపడిన తరువాత శవపరీక్ష జరుపరాదను పాత కట్టుబాటువలన శవమునకై మరియొక రాత్రి వేచియుండవలసివచ్చెడిది; 2021 నవంబరులో కేంద్రప్రభుత్వము తగిన వసతులున్నచోట, ముఖ్యముగా అవయవదానముకొరకు, రాత్రివేళ పరీక్షను అనుమతించుటచే ఈ బాధ కొంత తగ్గినది. ఊరిలో పాడె సిద్ధమై, బంధువులు వచ్చి కూర్చున్నవేళ ఒక్కొక్క గంటయు ఎంత బరువో తెలిసినవారే ఇట్టి చిన్న ఉత్తరువుల విలువ నెరుగుదురు.

అందరును తలపని దుఃఖములు రెండు గలవు. ఒకటి, ఎంతయో కష్టముతో 'సరే' యన్న పిమ్మట, శస్త్రగృహమునకు చేర్చులోపల గుండె ఆగిపోవుటయో, అవయవములు అమర్చుటకు పనికిరావని తేలుటయో. ఆ కుటుంబము రెండుమారులు పోగొట్టుకొన్నది. వారికి ఎవరును సభలో శాలువ కప్పరు. వారు ఇచ్చినది అందకపోయినను ఇచ్చిన మాట ఇచ్చినదేయని సమన్వయకర్త ఎదుట కూర్చుండి చెప్పవలెను. రెండవది, 'వద్దు' అన్న కుటుంబము. వారిని ఆ క్షణమునుండి పరాయిగా చూచుట ఆస్పత్రులలో జరుగుచునే యున్నది. సమ్మతి యెంత స్వేచ్ఛయో నిరాకరణయు అంత స్వేచ్ఛ కానిచో, ఆ సమ్మతికి దానమను పేరు చెల్లదు.

తరువాతికాలపు గౌరవములు దేశమునకొక తీరున నున్నవి. అమెరికాలో 1992లో దాతృకుటుంబముల సమితి ఏర్పడి, కుటుంబములు తమవారి జ్ఞాపకముగా కుట్టి పంపిన గుడ్డముక్కలను కూర్చి పెద్ద బొంతగా చేసినది. బ్రిటనులో 2013 నుండి ఆర్డర్ ఆఫ్ సెయింట్ జాన్ సంస్థ దాతల పేర పురస్కారమును కుటుంబములకు అందించుచున్నది. మన దేశమున తమిళనాడు ప్రభుత్వము 2023 సెప్టెంబరులో దాతలకు రాజలాంఛనములతో అంత్యక్రియలు జరుపుదుమని ప్రకటించెను. ఒడిశాయు, పిదప ఆంధ్రప్రదేశ్‌ను ఆ మార్గము ననుసరించినవి. ఈ గౌరవములు మంచివే. అయినను జిల్లాధికారి పూలమాల వేసి వెళ్ళిన మరునాడు, ప్రమాదపరిహారమునకై న్యాయస్థానముచుట్టు, బీమాకై కార్యాలయముచుట్టు తిరుగునది ఆ యింటి చిన్నకోడలే. మరణధ్రువపత్రము, వైద్యపత్రములు, పోలీసు నివేదిక నకలు ఒక్కచోట చేర్చి ఆమె చేతికిచ్చు మనిషి యొకడుండుట అన్ని లాంఛనములకన్న మేలు. ఇట్టి సహాయము అవయవమునకు వెలగా మారకుండ చూచుట చట్టమునకు కష్టమైన పనియే. కాని ఆ భయముచే ఏ సహాయమును చేయకుండుట న్యాయము కాదు.

'మావాడి గుండె ఎవరిలో నున్నది?' అను ప్రశ్నను తల్లులు అడుగకమానరు. దాత పేరును గ్రహీతకును, గ్రహీత పేరును దాతృకుటుంబమునకును తెలుపకుండుట సామాన్యనియమము. ఋణభారముగాని, ధనాపేక్షగాని, నిరాశగాని తలయెత్తకుండుట దీని యుద్దేశము. గ్రహీత మరణించినచో ఆ కుటుంబము బిడ్డను రెండవమారు పోగొట్టుకొన్నట్లగును. అయినను ఇందుకు ప్రసిద్ధమైన అపవాద మొకటి యున్నది. 1994లో ఇటలీలో ప్రయాణము చేయుచున్న అమెరికన్ దంపతుల ఏడేండ్ల కుమారుడు నికొలస్ గ్రీన్ దొంగల తుపాకిగుండ్లకు బలికాగా, తల్లిదండ్రులు ఆ పరాయిదేశమున ఏడుగురు ఇటాలియనులకు అతని అవయవములు, కార్నియాలు ఇచ్చిరి. తరువాత వారిని కలిసికొనిరి. ఇటలీలో దానములు బహుళముగా పెరిగినవి. ఆ దేశమునుండి జనులు పంపిన 140 గంటలతో కాలిఫోర్నియా తీరమున బోడెగా బే వద్ద ఒక గంటల గోపురము నిర్మితమయ్యెను. పేర్లు తెలుపకయే, సంస్థద్వారా కృతజ్ఞతాలేఖ పంపు మధ్యేమార్గము అనేక దేశములలో నున్నది. మనకిది ఇంకను అలవడవలసియున్నది. 'ఆయన కాలేయము పొందినామె బాగున్నది, ఇంటిపని చేసికొనుచున్నది' అను ఒక్కపంక్తి, ఆరునెలల తరువాత ఫోనులో చెప్పినను చాలును.

మన యిండ్లలో మరియొక ప్రశ్న యున్నది. ఏ దేశపు మార్గదర్శకసూత్రములలోను దానికి చోటు కనబడదు. తద్దినము ఏ తిథికి పెట్టవలెను? మెదడుమరణమును రెండవ పరీక్షతో నిర్ధారించిన సమయమే చట్టరీత్యా మరణసమయము. ధ్రువపత్రమున పడునది అదే. గుండె శస్త్రగృహమున ఆగినది మరునాటి తెల్లవారుజామున కావచ్చును. నడుమ తిథి మారియుండవచ్చును. పురోహితుడు అడుగును, తండ్రి తెల్లబోవును. సమన్వయకర్త ఈ రెండు సమయములను కాగితముపై వ్రాసి, ఏది చట్టమునకు చెందినదో చెప్పి, శ్రాద్ధమునకు ఏది గైకొందురో మీ యింటి నిర్ణయమని ముందుగనే తెలిపినయెడల, పదియవనాడు ఆ యింట ఆ వివాదము పుట్టదు.